ఇంకొకరు బయటికి రావాలి

దయ్యాల మాటెత్తితే నవ్వే ఇంట్లో పెరిగాను. మాది తెనాలి. ఉద్యోగానికి జహీరాబాద్ వచ్చాక కూడా ఆ నవ్వు పోలేదు. అందుకే ఈ సంగతి మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.

హైవే పక్కనున్న ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. యంత్రాల పనులను వరుస తప్పకుండా నడిపించే వర్క్‌ఫ్లోలు మా సర్వర్‌లో ఉంటాయి. వాటిని చూసుకోవడమే నా పని. రేకులను అచ్చులో నొక్కే పెద్ద ప్రెస్సుకు కూడా ఒకటుంది. రిపేరుకు లోపలికి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర కార్డు చూపించాలి, బయటికొచ్చాక మళ్ళీ చూపించాలి. అందరూ వచ్చేదాకా ప్రెస్సు కదలదు.

ఆ మధ్యాహ్నం మెకానిక్ ఖలీల్ భాయ్, ఆయన జతగాడు లోపలికి వెళ్ళారు. ఇద్దరూ తిరిగొచ్చారు. అయినా నా స్క్రీన్ మీద “ఇంకొకరు బయటికి రావాలి” అనే ఉంది. రికార్డులో చూస్తే వెళ్ళింది ఇద్దరే. ఆ వర్క్‌ఫ్లోను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. అదే మాట.

మేనేజర్‌కు ఓపిక పోయింది. “దాన్ని పక్కన పెట్టి స్టార్ట్ చేసేయండమ్మా” అన్నారు. నేను మౌస్ మీద చెయ్యి వేశాను.

“జర ఆగున్రి మేడం, ఒక్కసారి చూసొస్త” అంటూ ఖలీల్ భాయ్ లోపలికి వెళ్ళాడు.

వెంటనే ఆయన కేక వినిపించింది. ప్రెస్సు కింది గుంటలో సంగప్ప నూనె తుడుస్తున్నాడు. మొగుడంపల్లి నుంచి వచ్చే కాంట్రాక్టు కూలీ అతను. వెనకవైపు నుంచి దిగాడు. కార్డు అన్నం సంచిలోనే ఉండిపోయింది.

“మిషన్ బంజేసిన్రు గదా అని దిగిన సారూ” అన్నాడు పైకొచ్చి మేనేజర్‌తో.

అక్కడ కెమెరా లేదు, సెన్సరూ లేదు. అతను లోపల ఉన్నట్టు సర్వర్‌కు తెలిసే దారే లేదు. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు వచ్చి అంతా వెతికారు. ఏ లోపమూ లేదన్నారు.

సంగప్ప బతికాడు, అది చాలనుకున్నాను. కానీ మొన్న, రిపేరుకు వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చాక, మళ్ళీ అదే ప్రెస్సు, అదే మాట: “ఇంకొకరు బయటికి రావాలి.” ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి ఒక్కరినీ పిలిచి చూశాం. గుంటలో లైటు వేసి వెతికాం.

“లోపట ఎవ్వలు లేరు మేడం. కానీ స్టార్ట్ జెయ్యకున్రి” అన్నాడు ఖలీల్ భాయ్. ఈసారి మేనేజర్ కూడా తొందర పెట్టలేదు.

షిఫ్టు మారే వేళ దాకా ప్రెస్సు ఆగే ఉంది. అప్పుడు, గేటు దగ్గర ఎవరూ లేకుండానే, ఎవరూ కార్డు చూపించకుండానే, స్క్రీన్ మీద మాట మారింది.

“అందరూ బయటికి వచ్చారు.”

వచ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు.