రేడియోలో రాని అక్క మాట

నా చిన్నప్పుడు వానలు పడితే మా ఊరు దీవి అయ్యేది. నవీపేట్ దాటాక గోదావరి రెండు పాయలుగా చీలే చోట, ఆ రెండింటి నడుమ ఉంది మా ఊరు. ఎండాకాలం ఇసుకలో నడిచి అవతలికి పోయేవాళ్లం. వానలు మొదలైతే దీపావళి దాకా సర్కారు నావే దిక్కు. ఆ నావ అడుగు కుళ్లిపోయి ఒడ్డున బోర్లా పడి ఉండేది. కొత్తది ఇమ్మని మా పెద్దలు చెప్పులరిగేలా తిరిగినా పట్టించుకున్నవాడు లేడు. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టిలో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటేవాళ్లం.

ఒక ఏడు శ్రావణంలో పక్కింటి అక్కకు నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది పాపం. రోజూ నా తల దువ్వి జడలు వేసేది ఆమే. ఆ వరదలో పుట్టి వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బిడ్డ దక్కలేదు.

బతుకమ్మ పండుగకు పట్నం నుంచి రేడియో వాళ్లు వచ్చారు, మా దీవి కబుర్లు, పాటలు నలుగురికీ వినిపిస్తామని. పుట్టిలో దేవుళ్లందరికీ మొక్కుకుంటూ వచ్చిన మనుషులు ఒడ్డు ఎక్కగానే ఆ భయం మరిచిపోయారు. ఆడవాళ్ల పాటలు టేపులో పట్టుకున్నారు. కష్టసుఖాలు కూడా చెప్పమంటే, అప్పటిదాకా ఎవరితోనూ నోరు విప్పని అక్క ముందుకు వచ్చింది.

"నావ ఉంటే నా బిడ్డ బతుకుతుండె సారూ. ఇంగొకరికి గిట్ల కావద్దు. జర గా మాట రేడియోల చెప్పుండ్రి," అంది. తప్పకుండా అని తలలూపారు.

రేడియోలో వస్తుందని వాళ్లు చెప్పిన రోజు సాయంత్రం ఊరంతా పంచాయతీ రేడియో ముందు కూర్చుంది. చల్లని నీళ్లు, పచ్చని పసుపు చేలు, చీకూ చింతా లేని మనుషులు అంటూ ఒక తియ్యని గొంతు చెప్పుకుపోయింది. పాట వచ్చింది. అక్క మాట ఒక్కటీ రాలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయింది. నాకెంత కడుపు మండిందో! చీకూ చింతా లేదట! ఏ ఇంట్లోకి వచ్చి చూశారు వీళ్లు?

మరుసటి ఏడు పండుగకు మళ్లీ దిగారు, పోయినసారి పాటలు బాగున్నాయని. తరిమేద్దామన్నారు కొందరు. మా మేనత్త వద్దంది. ఊళ్లో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక చరణం పాడితే మిగతావాళ్లం చప్పట్లు కొడుతూ తిప్పి పాడాలి. అప్పటికప్పుడు చరణాలు కట్టడం ఆమెకు అలవాటే.

"మాట కోసిండ్రు గద. పాట నడుమల ఎట్ల కోస్తరో సూస్త," అంది.

వాళ్లకు నవ్వుతూ చాయ్ పోయించింది. గౌరమ్మ మీద రెండు చరణాలు పాడి, ఆ తర్వాత గొంతు పెంచింది.

నడుమల మా ఊరు ఉయ్యాలో
నావ లేదమ్మ ఉయ్యాలో
కాన్పుకొచ్చిన పిల్ల ఉయ్యాలో
కడుపుకోతాయె ఉయ్యాలో

మేమంతా అందుకున్నాం. పండుగకు పుట్టింటికి వచ్చిన అక్క కూడా మాతో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఉంది. తన బిడ్డ సంగతి తానే చప్పట్లు కొడుతూ పాడింది. రేడియో వాళ్లు తాళానికి తలలూపుతూ టేపు నింపుకుని పోయారు. వాళ్లకు కావలసింది పాట, అందులో ఏముందో ఎవరికి కావాలి!

పాట ఒక్క ముక్క కూడా పోకుండా రేడియోలో వచ్చింది. ఈసారి అక్క చివరిదాకా కూర్చుంది. ఎవరు విన్నారో, ఎవరు ఎవరిని అడిగారో గానీ, మళ్లీ వానలు పడేలోపే కొత్త నావ వచ్చింది. ఊరంతా మేనత్తను మెచ్చుకుంటే ఆమె ఒంటికాలి మీద లేచింది.

"ఏం మెచ్చుకుంటరు? పిల్ల ఏడ్సుకుంట చెప్తె ఇనలే. గదే ముచ్చట పాడుకుంట చెప్తె ఇన్నరు. బిడ్డ పోయిన తల్లి ఆడి పాడాల్నా?"

ఆ మాట విన్నప్పటి నుంచి ఎవరైనా తమ బాధ చెప్పుకుంటుంటే, చెప్పడం రాక తడబడినా సరే, నేను నడుమ అడ్డు తగలను. పక్కనున్నవాళ్లు తొందరపెడితే మాత్రం నా వయసు కూడా మరిచి కొట్లాటకు దిగుతాను.