బాబాయి ఒంటి మీద పాఠం

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఇద్దరు జూనియర్ డాక్టర్లను వెంటబెట్టుకుని నరసరావుపేటలో మా ఇంటికొచ్చింది. వాళ్ళు కాఫీ గ్లాసులు కింద పెట్టీ పెట్టకముందే మా ఆయన చొక్కా గుండీలు విప్పుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆ పిల్లలు బిత్తరపోయారు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

ఈ అలవాటు మొదలైంది మా అక్క కూతురు ఎంబీబీఎస్ ముగించి, పీజీ ప్రవేశపరీక్షకు చదువుకోవడానికి మా దగ్గరున్న ఏడాది. మాచవరంలో వాళ్ళిల్లు మిరపకాయల సీజనొస్తే మనుషులతో, బస్తాలతో, ఘాటుతో నిండిపోతుంది. ఇక్కడ మేమిద్దరమే. ఫోన్లో పాఠాలు రెట్టింపు వేగంతో పెట్టుకుని వినేది. ఆ మాస్టారి మాటలకు నాకు ఆయాసం వచ్చేది. విన్నది చాలక, ఏ రోజు పాఠం ఆ రోజు మనుషుల్లో వెతుక్కునేది. మనుషులంటే మేమే. కాలేయం చదివితే ఆయన పొట్ట నొక్కేది, నరాలు చదివితే నా మోకాలి మీద కొట్టేది. చదివిన జబ్బల్లా మాలో కనబడేది. నాకు థైరాయిడ్ ఉందని హడావుడి చేసి పరీక్షలు చేయిస్తే ఏమీ లేదని తేలింది. "ఏమే, రేపన్నా కాస్త చిన్న జబ్బు చదువుకో" అనేదాన్ని.

గుండె వాల్వుల పాఠం చదివిన సాయంత్రం ఆయన ఛాతీ మీద స్టెత్ పెట్టింది. విని, పుస్తకం తిరగేసి, మళ్ళీ వింది. "ఏందమ్మాయ్, ఇయ్యాల నాకేం జబ్బు పెట్టావు?" అన్నారాయన. అది నవ్వలేదు. "నేను పొరబడితే చానా మంచిది బాబాయ్. చదివిందే వినబడతందేమో కూడా. అయినా గుంటూరు పోదాం" అంది. ఆయన నా థైరాయిడ్ సంగతి ఎత్తి మరీ ఎగతాళి చేశారు. మర్నాడు అది పాఠం వినలేదు. కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "నువ్వు లేచిందాకా నేను పుస్తకం ముట్టను" అంది. పరీక్ష దగ్గర పడుతోంది. ఆ భయానికే లేచారాయన.

వాల్వు బాగా బిగుసుకుపోయిందని గుంటూరులో తేలింది. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొచ్చేదన్నారు. ఆపరేషన్ చేసి లోహపు వాల్వు పెట్టారు. మాతో ఆసుపత్రి చుట్టూ తిరగడంలో ఆ ఏడు దానికి సీటు రాలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. "ఏం కాదులే పిన్నీ, ఆ పాఠం నేనిక మర్చిపోను" అంది. సీటు మరుసటేడు వచ్చింది.

మొన్న ఆ పిల్లలిద్దరూ ఆయన గుండెను వంతులవారీగా విన్నారు. "చదివినప్పుడు అర్థం కాలేదక్కా, ఇప్పుడు తెలిసింది" అంది ఒకమ్మాయి. నాకు స్టెత్ అక్కర్లేదు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, పక్కన కునుకు తీస్తున్న ఆయన గుండెలో ఆ లోహపు వాల్వు గోడగడియారంలా టిక్కుటిక్కుమంటుంది. మొదట్లో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు అది లేకపోతే పట్టదు. కాలం గడిచిపోతోందని ఒకప్పుడు దిగులుపడేదాన్ని. ఇప్పుడు అది గడుస్తున్న చప్పుడు వినబడితే చాలనిపిస్తోంది.