రోబో వెనక నడిచే మనిషి

ఉజ్వల ఎవరి వెనక నడిచినా, వాళ్లు పడిపోతారేమోనన్నట్టు రెండు చేతులూ ముందుకు చాపుతుంది. "మమ్మీ, నేను నీ రోబోని కాదు!" అని మాల్‌లో కూతురు హంసిక విసుక్కుంటుంది.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లోని ఒక జపాన్ కంపెనీ ల్యాబ్‌లో, మనిషిలా నడవడం నేర్చుకుంటున్న రోబోను పరీక్షించడం, అది తూలితే పట్టుకోవడం ఆమె ఉద్యోగం. వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది.

ఒక సాయంత్రం మేనేజర్ రాజగోపాల్ నవ్వుతూ వచ్చాడు. "కంగ్రాట్స్ ఉజ్వలగారూ, వారమంతా రోబో ఒక్కసారీ పడలేదండీ! రేపటి టెస్ట్ పాసైతే ఇంక వెనకాల మనిషి అక్కర్లేదు."

"మరి నేనండీ?"

"హెచ్ఆర్‌తో మాట్లాడదాం లెండి."

మరునాడు ఉదయం ఆమె అందరికంటే ముందే వెళ్లింది. రోబో నడిచే దారిలో రబ్బరు చాప అంచును కాస్త పైకి మడిచి, తన చోట నిలబడింది.