టిల్లరీ బ్యాండు ఆమెన్ కోసం ఆగిన ఆదివారం

మా మస్కోగీ ఊళ్లో నల్లవాళ్ల పేటలో పుట్టి సొంత బ్యాండు నడిపినవాడు రాస్కో టిల్లరీ. కాన్సస్ సిటీ నుంచి టెక్సాస్ దాకా అతను వస్తున్నాడంటే జనం కాళ్లు ముందే ఆడేవి. హోటళ్లలో మా నల్లవాళ్లకు గది ఇవ్వని రోజులవి. ఏ ఊరెళ్లినా చర్చివాళ్ల ఇళ్లలోనే పడక. ఆ ఇంటి ఇల్లాలికి కట్టెలు కొట్టిపెట్టందే రాస్కో భోజనానికి కూర్చునేవాడు కాదు. పాటను కాగితం మీద పెట్టేవాడూ కాదు. ట్రంపెట్లకో ముక్క, శాక్సఫోన్లకో ముక్క నోటితో పాడి నేర్పేవాడు. ఇప్పుడు మా బడిలో బ్యాండు నేర్పేవాళ్లు అలా అతని దగ్గర నేర్చుకున్నవాళ్లే.

ఇంత పేరొచ్చినా అతనికొక వెలితి ఉండేది. కన్నతల్లి హెస్టరమ్మ అతని బ్యాండును ఒక్కసారీ వినలేదు. ఆమె కాలం చేసిన పాస్టరుగారి భార్య, మా సంఘానికి పెద్దమ్మ. "డ్యాన్సుల్లో ఊదే బూరలు నా చెవిన పడనక్కర్లేదు" అనేది.

ఒక వసంతంలో సుడిగాలి మా చర్చి కప్పునీ ఆర్గన్‌నీ ఎత్తుకుపోయింది. డ్యాన్సు హాలు యజమాని ఆదివారం ఆరాధనకు హాలిచ్చాడు. డ్యాన్సులో బూట్లు బాగా జారాలని ముందురోజు అక్కడ నేలంతా మొక్కజొన్నపిండి చల్లారు. మేం వెళ్లేసరికి రాస్కోతో సహా బ్యాండువాళ్లంతా ప్యాంట్లు మడిచి, మోకాళ్ల మీద కూర్చుని నేల కడుగుతున్నారు.

హెస్టరమ్మ గుమ్మంలో ఆగింది. "ఏరా, మోకాళ్ల మీదున్నావు, ప్రార్థనా?"

"ముసలమ్మలు జారిపడతారని కడుగుతున్నామమ్మా. నువ్వు జారితే నన్నేగా తిడతావు."

"జారకపోయినా తిడతాను. ఆ మూల పిండి అలాగే ఉంది చూడు."

ఆర్గన్ లేదు కనుక కొత్త పాస్టరుగారు రాస్కోనే వాయించమన్నారు. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పాస్టరు చరణం అందుకున్నాక పెద్దమ్మ మొదటి ఆమెన్ అనాలి, అప్పుడే మిగతావాళ్లు గొంతు కలపాలి. పాస్టరుగారు చరణం పాడారు. రాస్కో చెయ్యెత్తాడు. బూరలన్నీ పెదవుల దగ్గరికి చేరాయి. అతను తల్లివైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"ఊదించవేం నాయనా?" అన్నారు పాస్టరుగారు.

"అమ్మ అనాలండీ. అనకపోతే ఇవి పెట్టెల్లోకి పోతాయి."

మా చేతుల్లో విసనకర్రలు ఆగిపోయాయి. హెస్టరమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఆమెన్. ఊదించరా, పాపం వాళ్ల చేతులు పీక్కుపోతున్నాయి!"

మేం పాస్టరుకు జవాబు పలికే చోట ట్రంపెట్లు పలికాయి. మా ముసలమ్మలు కూనిరాగం తీసే చోట శాక్సఫోన్లు తీశాయి. మా సంఘమంతా ఆ ఇత్తడిలో పాడుతున్నట్టుంది. దేవునికి స్తోత్రం, మా పేట బిడ్డేనని నా గుండె పొంగిపోయింది.

ఆరాధన అయ్యాక మా సంఘంలోని సిస్టర్ వెర్లీన్ మూతి విరిచింది. "దేవుని మందిరంలో డ్యాన్సు బూరలా అక్కా?"

"మందిరం కప్పు పక్క జిల్లాలో పడింది. దేవుడు మనతో ఇక్కడికే వచ్చాడు. వెనక్కి పొమ్మని నువ్వే చెప్పు" అంది హెస్టరమ్మ. తర్వాత కొడుకు కాలరు సర్దింది. "రెండో చరణంలో తొందరపడ్డావు. మీ నాన్న దేవుణ్ణి ఎప్పుడూ తొందరపెట్టలేదు. వచ్చే ఆదివారం నిదానంగా వాయించు."