ఒక నంబరుకు ఒక పేరు

కరీంనగర్‌లో ఒక కంటి ఆసుపత్రికి రిపోర్టులు రాసిపెట్టడం నా పని. రిపోర్టులంటే మెట్‌పల్లిలో మా వాళ్ళందరూ రక్తపరీక్షలనుకుంటారు. కాదు, కంప్యూటర్లో పడి ఉన్న వేల పేర్లలోంచి కావలసినవి ఏరి, కాగితం మీద వరుసగా వచ్చేలా చేయడం. ఆ పనిలో నా అంతటివాడు లేడని నాకు గట్టి నమ్మకం ఉండేది.

ఇచ్చోడలో మా ఆసుపత్రికి చిన్న శాఖ ఉంది. అక్కడి డేటాబేస్ వేరు, ఇక్కడిది వేరు. రెండింటినీ కలిపి, నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, ఉన్నవాళ్ళలో ఎవరికి పరీక్ష గడువు వచ్చిందో చెప్పే లిస్టు ప్రతి సోమవారం కావాలన్నారు. ఆ జబ్బు నొప్పి తెలియకుండానే చూపును తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. లిస్టులో పేరుంటే ఫోన్ వెళ్తుంది, లేకపోతే వెళ్ళదు.

రెండు చోట్లా కార్డు నంబర్లు ఒకటి నుంచే మొదలయ్యాయి, వాటితో కలిపితే ఒకరి వివరాలు ఇంకొకరికి అంటుకుంటాయి. అందుకని రెండు పట్టికలనూ ఫోన్ నంబరుతో జోడించాను. తీరా చూస్తే ఒకే ఫోన్ నంబరు మీద ఐదారు పేర్లు. ఎవరో ఒకే మనిషిని ఐదారుసార్లు ఎక్కించారని చిరాకుపడ్డాను. పేర్లు వేరువేరుగా ఉన్నాయే అని ఆగి చూసే ఓపిక లేదు. ఒక నంబరుకు ఒక్క వరుసే, అదీ చివరగా ఆసుపత్రికి వచ్చినవాళ్ళదే ఉండాలని షరతు పెట్టాను. లిస్టు అద్దంలా వచ్చింది. మీటింగులో మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను.

ఇచ్చోడలో పేర్లు నమోదు చేసే ఆవిడకు అంతకుముందు ఒక నోట్‌బుక్ ఉండేది. ఏ ఊళ్ళో ఎవరికి చెబితే కబురు ఎవరికి అందుతుందో అందులో రాసుకునేది. దాన్ని మాన్పించింది నేనే. కొత్త లిస్టు మొదలైన రెండో వారం ఆవిడ ఫోన్ చేసింది.

“సార్, లిస్టు జర చిన్నగ వచ్చింది. గా అడివి పక్క ఊరు నుంచి ఒక్క పేరే ఉన్నది.”

“డబుల్ ఎంట్రీలు తీసేసినమ్మా, గంతే. మీరు పరేషాన్ గాకున్రి.”

ఇంకేదో చెప్పబోయింది. నాకు వేరే పని ఉందని పెట్టేశాను.

ఎనిమిది నెలల తర్వాత ఆ ఊరి నుంచి ఒక ముసలావిడను కోడలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఇప్పుడు రెండోదీ పోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని డాక్టర్ కోప్పడి, లిస్టు చూడమని నన్ను పిలిచారు. ఆమె పేరు లేదు. అదే నంబరు మీద ఇంకొకాయన పేరుంది, ఆయనకు ప్రతిసారీ ఫోన్ వెళ్ళింది.

ఇచ్చోడ ఆవిడకు ఫోన్ చేసి అడిగితే, ఆరోజు విననిది ఇప్పుడు విన్నాను. ఆ ఊళ్ళో ఫోన్ పలికేది కిరాణా దుకాణం దగ్గరే. అందుకని ఊరంతా దుకాణం ఆయన నంబరే రాయిస్తారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది. షరతు తీసేశాను. మాయమైన పేర్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నిమిషం కూడా పట్టలేదు.

బయటికి వెళ్ళి, బెంచీ మీద ముసలావిడ పక్కన కూర్చున్నాను. ఫోన్ రాలేదా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“దుకాణపాయనకు వచ్చుడు ఎర్కనే బిడ్డా. మా పక్కింటాయనను పిలిచిండ్రు, నన్ను పిలువలే. నాకు నయమైంది గావచ్చు, గందుకే పిలుస్తలేరు అనుకున్న. సుక్కల మందు గూడ బంద్ పెట్టిన.”

ఇక చేసేదేమీ లేదని డాక్టర్ లోపల కోడలికి చెప్పేశారు. ముసలావిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నా గొంతు వినబడిన వైపు ముఖం తిప్పింది.

“మళ్ళ ఎన్నడు రావాలె బిడ్డా?”

ఫోన్ చేస్తామని చెప్పాను.