అన్నా, లీవ్ ఇట్

మొన్న సాయంత్రం వికారాబాదులో మా మనవరాలు స్కూలు టీముతో ఫుట్‌బాల్ ప్రాక్టీసు చేస్తుంటే గట్టు మీద కూర్చుని చూశాను. తనకన్నా పెద్ద క్లాసు చదివే కెప్టెన్ పిల్లను పట్టుకుని ‘పాస్’ అనీ, ‘లీవ్ ఇట్’ అనీ ఏ మొహమాటమూ లేకుండా అరుస్తోంది, ఆ పిల్ల కూడా ఏమీ అనుకోకుండా చెప్పినట్టే చేస్తోంది. ఇవే మాటలు నేర్చుకోవడానికి మేము పడ్డ తిప్పలు తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

మా కుర్రతనంలో, తాండూరులో నాపరాళ్ల పాలిషింగు పనిలో ఉన్నవాళ్లం కొందరం కలిసి టీము కట్టుకున్నాం. ఆటలో ఒకడు తెలుగులో, ఒకడు ఉర్దూలో, ఇంకొకడు కన్నడంలో అరిచేవాడు, ఈలోపు బంతి కాస్తా అవతలివాళ్ల కాళ్ల దగ్గరికి పోయేది. సికింద్రాబాదులో కొన్నాళ్లు ఆడి వచ్చిన మా మేనమామ ఈ గోల పడలేక, మైదానంలో అందరికీ ఇంగ్లీషే అని తీర్మానించి, పని అయ్యాక బండ మీద సుద్దముక్కతో మైదానం గీసి ఒక్కొక్క మాటే వల్లె వేయించాడు. మాటలు ఇట్టే వచ్చాయి. చిక్కల్లా మా అన్నతోనే వచ్చింది. నేను గోల్‌కీపర్ని, అన్న సరిగ్గా నా ముందు ఆడేవాడు, పుట్టి బుద్ధెరిగాక ‘అన్నా’ అనకుండా ఆయనతో ఒక్క మాట మాట్లాడినవాణ్ణి కాదు. ‘గీడ అన్న లేడు, తమ్ముడు లేడు, జల్ది చెప్పురా’ అని మామ ఎంత తిట్టినా నా నాలుక తిరిగేది కాదు.

వికారాబాదులో పోటీ వచ్చింది. అందులో గెలిస్తే అన్నను జిల్లా టీములోకి తీసుకుంటారని మామ చెప్పడంతో అన్నకు వారం రోజులు సరిగా తిండి సయించలేదు. ఆట మొదలైన కాసేపటికే ఒక బంతి మా ఇద్దరి మధ్యకు వచ్చింది. దాన్ని నేను పట్టుకోవాలి, అన్న వదిలెయ్యాలి. నేను అలవాటు కొద్దీ ముందు ‘అన్నా’ అని పిలిచాను. తమ్ముడు పిలిచాడు కదా అని ఆ మహానుభావుడు ‘ఏంరా?’ అని వెనక్కి తిరిగాడు, బంతి ఆయన కాలికి తగిలి మా గోల్‌లోకే పోయింది.

తరువాత మావాళ్లు రెండు గోల్స్ వేశారు గానీ, చివర్లో మళ్లీ అలాంటి బంతే వచ్చింది. కళ్లు మూసుకున్నంత పనిచేసి ముందు ‘అన్నా’ లేకుండా ఒట్టి ‘లీవ్ ఇట్’ అని అరిచాను. అన్న ఠక్కున పక్కకు తప్పుకున్నాడు, బంతి నా చేతుల్లో పడింది. గెలిచాం, అన్న జిల్లా టీముకు ఎంపికయ్యాడు. అయినా తిరుగు రైల్లో ఆయన ముఖం చూడటానికి నాకు భయమే వేసింది. తాండూరులో దిగాక మెడ మీద చెయ్యి వేసి, ‘ఆడినంతసేపే గట్ల పిలువు, ఇంటికాడ అన్నా అనకుంటే వీపు పగుల్తది’ అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది.

అన్న పోయి ఏడాది దాటింది. ఇప్పటి పిల్లల పద్ధతే ఆటకు మంచిది, ఆ తొందరలో వరసలు కలుపుకుంటూ కూర్చుంటే గోల్ పోతుందని నాకన్నా ఎవరికి తెలుసు? అయినా మొన్న ప్రాక్టీసు అయ్యాక మనవరాలు సరదాకి నన్ను గోల్‌లో నిలబెట్టి బంతి తన్నినప్పుడు, నా నోటికి ముందుగా వచ్చింది ‘అన్నా’ అన్న మాటే. ‘ఏంరా?’ అని వెనక్కి తిరిగే మనిషి ముందు లేడు. ఆ ఒక్క పలుకు మళ్లీ వినబడుతుందంటే, ఎన్ని గోల్స్ పోయినా నాకు బాధ లేదు.