తరువాత వచ్చేవాళ్ల కుర్చీ

ఇనుప మడత కుర్చీ తెరిస్తే కీచుమంటుంది. ఆ చప్పుడుకి కొందరికి పళ్లు జివ్వుమంటాయి. నాకు మాత్రం రాజయ్య సార్ గుర్తొస్తారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం మేడ్చల్‌లోని మా గ్రంథాలయం తలుపు తీసి, గోడకు ఆనించిన కుర్చీల్లో ఒకదాన్ని లాగి తెరిచాను. చేతికి తుప్పు వాసన అంటుకుంది. హాల్లో ఇంకా ఎవరూ లేరు. అయినా ఆయన పుస్తకాల బీరువాకి వీపు ఆనించి నిలబడి ఉన్నారేమోనని అటు చూశాను. చూడకుండా ఉండడం నాకు ఇంకా చేతకాలేదు.

రాజయ్య సార్ ఆ గ్రంథాలయంలో గ్రంథపాలకులుగా చాలా ఏళ్లు పనిచేశారు. పొట్టి మనిషి, నెమ్మది మాట. చొక్కా జేబులో రెండు పెన్నులు ఉండేవి. ఒకటి రాసేది, ఒకటి రాయనిది. రాయనిది అడిగినవాళ్లకి ఇవ్వడానికి. అంతటి గడుసుతనం ఉన్న మనిషి, ఆదివారం మూడు గంటలకి మాత్రం ఉన్నదంతా జనానికి పంచిపెట్టేవారు. ఆ వేళ ఆయన నడిపే సభకి వేదిక లేదు, మైకు లేదు, దండలు లేవు. ‘ఐతారం కూసునుడు’, అంటే ఆదివారం కూర్చోవడం, అని పేరు పెట్టారు. ఒకరు కథ చదివేవారు, ఒకరు పద్యం పాడేవారు, చదువురాని వాళ్లు తమకు తెలిసింది చెప్పేవారు. గోదాముల్లో మూటలు మోసేవాళ్లు, కూరగాయలు పండించేవాళ్లు, నాలాంటి కాలనీ వాళ్లు అందరూ వచ్చేవారు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మావారి ఉద్యోగం కోసం వచ్చి గుండ్లపోచంపల్లిలో ఫ్లాటు కొనుక్కున్నాం. పలకరించే దిక్కులేక, వారపత్రికలు చదువుకుందామని గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. ఒక ఆదివారం సభ చూద్దామని హాల్లోకి వెళ్లి, గోడ దగ్గర కుర్చీ ఒకటి తీసి వేసుకుని కూర్చోబోయాను. “మేడమ్, గది మీది గాదు,” అన్నారు సార్, ఆ కుర్చీ చూపించి. మరి ఎవరిదండీ అన్నాను. “మీ ఎనక వచ్చేటోళ్లది. మీకు మీ ముందొచ్చినామె ఏసిపెట్టింది, గదో.” అక్కడి పద్ధతి అది. ఎవరి కుర్చీ వాళ్లు వేసుకోకూడదు. ముందు వచ్చినవాళ్లు వేసిన దాంట్లో కూర్చోవాలి, ఆ కూర్చునే ముందు తరువాత వచ్చేవాళ్లకి ఒకటి వేయాలి. మొట్టమొదటి కుర్చీ సార్ వేసేవారు. చివర ఎప్పుడూ ఒకటి ఖాళీగా మిగిలేది.

నాకు కుర్చీ వేసినామె లింగవ్వ. శామీర్‌పేట చెరువు చేపలు తెచ్చి పొద్దున్నే మేడ్చల్‌లో అమ్ముతుంది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. మా ఇంట్లో నీచు ముట్టం. ఆమె పక్కన కూర్చోవడానికి నేను ఒక్క క్షణం తటపటాయించాను. నేనైతే దాచుకున్నాననే అనుకున్నాను. ఆమె నా వైపు చూడకుండానే, “సబ్బుతోని కడుక్కోనే వచ్చిన మేడమ్,” అంది. సిగ్గుతో చచ్చిపోయాను. కూర్చున్నాను. ఆ రోజు ఆమె వల లాగేటప్పుడు పాడుకునే పాట పాడింది. గొంతు గరుకు, కానీ నీళ్లలోంచి బరువు పైకి వస్తున్నట్టే ఉంది.

ఈ కుర్చీల పద్ధతి ఏమిటని తరువాత ఒకసారి సార్‌నే అడిగాను. “మొదట్ల కుర్చీలన్ని నేనే ఏసేటోన్ని మేడమ్. ఊళ్లె పెద్దమనుషులు ముంగట కూసునేటోళ్లు. మిగిలినోళ్లు తలుపు కాడనే నిలబడి ఇని పోయేటోళ్లు. కుర్చీలు ఖాళీగున్నా రాకపోయేది. గివి మనకేసినయి గావు అనుకునేటోళ్లు,” అన్నారు. విన్నాను, తల ఊపాను. అర్థమైందనే అనుకున్నాను.

అర్థం కాలేదని రెండేళ్ల తరువాత తేలింది. ఆదివారాలు గ్రంథాలయం తెరిచినా జనం రావడం లేదని ఎవరో పైకి రాశారు. ఒక అధికారి వచ్చి చూస్తారని, జనం లేకపోతే ఆదివారం తాళం వేయడమేనని కబురొచ్చింది. ఆ వారంలో సార్ రాయని పెన్నుతోనే రిజిస్టరు రాయబోవడం రెండుసార్లు చూశాను. నాకు వీరావేశం వచ్చింది. అధికారిని తీసుకురావడానికి సార్ వెళ్లిన సమయం చూసి, టెంటు హౌసు నుంచి ఎనభై కుర్చీలు తెప్పించాను. తెల్లటి ముసుగులు, వెనక ఎర్ర రిబ్బన్లు. వరసలు తాడు పట్టినట్టు పేర్చాను. ఇనుప కుర్చీలు కనపడకుండా వరండాలో పెట్టించాను. కాలనీ నుంచి పట్టుచీరల్లో పదిమంది వచ్చి ముందు వరసలో కూర్చుని ఫోటోలు దిగుతున్నారు.

మూడైంది. వారం వారం వచ్చేవాళ్లు ఒక్కరూ లోపలికి రాలేదు. గేటు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. పరుగున వెళ్లి, “ఏం లింగవ్వా, రారేంటి?” అన్నాను. “ఎవలో పెద్దోళ్ల ఫంక్షనున్నట్టుంది గద మేడమ్. కుర్చీలన్ని ఏసే ఉన్నయి. మేము వచ్చేవారం వస్తం తియ్యి,” అంది. కోపం లేదు ఆ మాటలో. అదే నన్ను కోసేసింది. కొందరు అప్పటికే బస్సు కోసం రోడ్డు వైపు నడుస్తున్నారు. సరిగ్గా అప్పుడే సార్ అధికారితో ఆటో దిగారు. అధికారి తొంగిచూసి, “ఇదేనా రాజయ్య గారూ మీ సభ? కుర్చీలే వచ్చినట్టున్నాయి,” అన్నారు.

సార్ లోపలికి వెళ్లి, ముసుగు కుర్చీలు ఒకదానిమీద ఒకటి ఎత్తడం మొదలుపెట్టారు. నేనూ ఎత్తాను. కాలనీ వాళ్లు బిత్తరపోయి లేచి నిలబడ్డారు. సార్ వరండాలోంచి ఒక్క ఇనుప కుర్చీ తెచ్చి హాలు నడుమ కీచుమని తెరిచారు. గుమ్మంలోకి వచ్చి, “లింగవ్వా, కుర్చీ ఏసిన రా,” అన్నారు. ఆమె వచ్చింది, ఇంకొకటి తెరిచింది. దాంట్లోకి ఒక మూటల మనిషి, అతను వేసిన దాంట్లోకి ఒక పట్టుచీర. కీచు, కీచు. రోడ్డు దాకా పోయినవాళ్లు చప్పుడు విని వెనక్కి వచ్చారు. అధికారి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉంటే, మల్లేశ్ అనే హమాలీ, “సార్, గిది మీకు,” అన్నాడు. ఆయన కూర్చోబోతుంటే మా సార్ ఆపారు. “ముందుగాల మీరొకటి ఎయ్యాలె సార్.” ఆయన నవ్వి, ఒకటి తెరిచారు. మిగిలింది నేనే. ఇంకొకటి వేసి, ఆయన వేసిన దాంట్లో కూర్చున్నాను. అధికారి అయిదు దాకా కదల్లేదు. వెళ్తూ, “ఆదివారాలు నడవనివ్వండి,” అన్నారు.

అందరూ వెళ్లాక ఏడ్చేశాను. నావల్ల అంతా పోయేది సార్ అన్నాను. “పోలే గద. మీరు మంచికే జేసిండ్రు మేడమ్. గని అన్ని కుర్చీలు మీరొక్కరే ఏస్తె, ఆళ్లకు ఎయ్యనీకి ఏం మిగిలింది?” అన్నారు. అన్నీ నేనే చేసిపెట్టి మెప్పు పొందుదామనే నా బుద్ధికి అంత మెత్తటి చెంపదెబ్బ ఇంకెవరూ వేయలేదు. ఇంట్లోనూ, కాలనీ సంఘంలోనూ ఏదైనా పని భుజాన వేసుకోబోయిన ప్రతిసారీ ఆ మాట అడ్డొస్తుంది.

పదవీ విరమణ తరువాత కూడా ఆయన ఆదివారం మానలేదు. పోయిన వానాకాలం ఆయనే వెళ్లిపోయారు. పరామర్శకి వెళ్తే వాళ్లావిడ, “ఐతారం వచ్చిందంటె రాత్రికి మోకాళ్లకు నూనె రుద్దమనేటోడు. రెండు గంటలు నిలబడుడాయె,” అంది. నిజమే. మొదటి కుర్చీ వేసేది ఆయన, కాబట్టి ఆయనకి వేసేవాళ్లు లేరు. చివరి ఖాళీ కుర్చీలో కూర్చోమంటే, ఎవరైనా ఆలస్యంగా వస్తారేమో అనేవారు. ‘కూసునుడు’ అని పేరు పెట్టిన మనిషి అన్నేళ్లూ నిలబడే ఉన్నారు. మేమంతా హాయిగా కూర్చుని చూశాం. నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఇప్పుడు తాళంచెవి నా దగ్గర ఉంటుంది. మొన్న మొదటి కుర్చీ వేసి, బీరువాకి ఆనుకుని నిలబడ్డాను, ఆయనలాగే. లింగవ్వ వచ్చింది. తరువాత వచ్చేవాళ్లకి ఒకటి వేసింది. కూర్చోకుండా ఇంకొకటి పట్టుకుని నా దగ్గరికి నడిచి వచ్చింది. నా పక్కనే దాన్ని తెరిచింది.

“ఇది ఎవరికి లింగవ్వా?”

“నీకే బిడ్డా. సారుకు ఎయ్యక తప్పు జేసినం. మల్ల జేస్తమా? కూసో.”

అన్నేళ్లలో ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. కూర్చున్నాను. చూపు మాత్రం గుమ్మం మీదే ఉంచాను, ఇంకా ఎవరైనా వస్తారేమోనని.